తలుపు మర్చిపోయిన ఇంజనీరమ్మ

పోయిన నెల మా ఊర్లో డ్రాయింగులు గీసేవాళ్ళం, ఇండ్లు కట్టించేవాళ్ళం కలిసి మేడమ్‌కు సంతాపసభ పెట్టినాం. ఆమె దగ్గర ఎక్కువకాలం పనిచేసింది నేనే కాబట్టి మైకు ముందు నాకే ఇచ్చినారు. "ఆమె గొప్ప వ్యక్తి" అన్నాను. "ఆమె లేని లోటు తీరనిది" అన్నాను. ఆ పైన ఏమీ తోచక మళ్ళీ "ఆమె గొప్ప వ్యక్తి" అని చెప్పి కూర్చున్నాను. పక్క కుర్చీలో ఆమె తమ్ముడు, బజార్లో ధాన్యం అంగడి ఆయన, నా చెవి దగ్గరికి వంగి నెమ్మదిగా అడిగినాడు. "ఎవురి గురించప్పా నువ్వు మాట్లాడింది?"

ఆయన అడిగింది న్యాయమే. నేను మాట్లాడిన మాటలు ఏ సభలో ఎవరికైనా సరిపోతాయి. మైకు ముందు చెప్పలేనిది ఇంట్లో కూర్చుని రాస్తా ఉన్నాను. ఆమె పేరు రాయను. బజార్లో అందరికీ ఆమె ఇంజనీరమ్మ, నాకు మేడమ్. పేరు పెట్టి ఎవరూ పిలవగా నేను వినలేదు.

ఆమె ఆఫీసు కోలారు బంగారు గనుల పక్కన మా రాబర్ట్‌సన్‌పేట బజార్లో, తమ్ముడి ధాన్యం అంగడి మీద, రెండు గదులు. బెంగళూరులో పెద్ద కంపెనీలో చాలా ఏళ్ళు పనిచేసి, అక్కడ విసుగు పుట్టి వచ్చి ఇక్కడ పెట్టుకుంది. కింద ఎండుమిరపకాయల మూటలు దించిన రోజు పైన మేమంతా ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని పనిచేసేవాళ్ళం. ఆమె ఒక్కతే తుమ్మేది కాదు. ఆ ఘాటులోనే పుట్టి పెరిగింది కదా. నూలుచీర, కాళ్ళకు కాన్వాసు బూట్లు, చేతిలో మొగవాళ్ళ నల్ల గొడుగు. ఆ గొడుగు వానకు విప్పగా నేను చూడలేదు. గోడలు చూపించడానికి, మట్టి పొడిచి చూడడానికి, నా భుజం తట్టడానికి వాడేది. చాంపియన్ రీఫ్స్ గని కాలనీవాళ్ళు వస్తే అరవంలో మాట్లాడేది, ఆఫీసర్లతో కన్నడం, ఇంట్లో తెలుగు, కంప్యూటరును తిట్టడానికి మాత్రం ఇంగ్లీషు.

నేను ఆమె దగ్గరికి చేరినప్పుడు నా అంత తెలిసినవాడు కోలారు జిల్లాలో లేడని నాకు గట్టి నమ్మకం. డిప్లొమా అయినాక బెంగళూరులో ఆరునెలలు ఇల్లు గీసే సాఫ్ట్‌వేరు నేర్చుకుని వచ్చినాను. ఆ సర్టిఫికెట్‌ను ప్లాస్టిక్ కవరులో వేయించి చంకలో పెట్టుకుని తిరిగేవాణ్ణి. విజిటింగ్ కార్డు మీద 'త్రీడీ నిపుణుడు' అని అచ్చు వేయించుకున్నాను. మేడమ్ ఆ కార్డును అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "వెనకపక్క ఖాళీగా ఉండాది, బాగుండాది. కొలతలు రాసుకోవచ్చు" అని పెన్ను తీసింది.

ఆ సాఫ్ట్‌వేరు సంగతి తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. కంప్యూటర్లో గోడ పెడితే అది ఉత్త గీత కాదు, గోడే. దాని పొడవు, ఎత్తు, మందం, ఏ బ్లాకుతో కట్టేది, అన్నీ దానికి తెలుసు. కిటికీ పెడితే గోడలో అంత మేర తనే కోసుకుంటుంది. ఇల్లంతా పెట్టినాక అడిగితే బ్లాకులు ఎన్ని, సిమెంటు ఎంత, ఇసుక ఎంత, ఇనుప కంబీలు, టైల్సు, పైపులు ఎన్ని అని మొత్తం సామాన్ల లిస్టు తీసి ఇస్తుంది. మనం చేయాల్సింది ఒక బటన్ నొక్కడమే. నేనైతే అట్లనే అనుకున్నాను.

మొదటి పనిగా కోరమండల్ గని కాలనీలో ఒక ఇల్లు ఇచ్చింది. గని కార్మికుల పాత లైను ఇంటిని పెద్దది చేసుకోవాలని ఒక కుటుంబం వచ్చింది. నేను వారం రోజులు కూర్చుని బ్రహ్మాండంగా గీసినాను. చూసేవాళ్ళకు కళగా ఉండాలని ఇంటి ముందు చెట్లు పెట్టినాను, కారు పెట్టినాను, వాకిట్లో నిలబడి మాట్లాడుకునే ఇద్దరు ఆడవాళ్ళను పెట్టినాను, అరుగు మీద ఒక పెద్దాయనను కూర్చోబెట్టినాను. సాఫ్ట్‌వేరులో బొమ్మలు ఊరికే దొరుకుతాయి కదా అని ఒక కుక్కను కూడా పెట్టినాను. తర్వాత బటన్ నొక్కి లిస్టు తీసి, మేడమ్‌కు చూపించకుండానే హార్డ్‌వేర్ అంగడికి పంపించినాను. సామాన్లు వచ్చి దిగినాక ఆమె ఆశ్చర్యపోవాలని నా ఆశ.

సామాన్లు రాలేదు, ఫోను వచ్చింది. హార్డ్‌వేర్ అంగడి ఆయన చాలా మర్యాదస్తుడు. నిదానంగా చదివినాడు. "సిమెంటు ఉండాది, కంబీ ఉండాది. ఆడమనిషి, నిలబడినది, రెండు అని రాసినారు. మొగమనిషి, కూర్చున్నది, ఒకటి. కుక్క ఒకటి. ఇవి మా దగ్గర రావప్పా. యాడ దొరుకుతాయో కూడా తెలీదు."

నా ముఖం చూసి మేడమ్ ఫోను తీసుకుంది. అంతా విన్నది. నవ్వలేదు. "అన్నా, కుక్కను కొట్టేయండి" అనింది. అవతల ఆయన ఏమన్నాడో ఏమో, "లేదన్నా, లిస్టులో" అనింది. "పెద్దాయనను కూడా కొట్టేయండి. ఆడవాళ్ళిద్దర్నీ ఉంచండి. మా ఆఫీసులో బుద్ధిగా పనిచేసేవాళ్ళు తక్కువగా ఉండారు."

ఫోను పెట్టి, చేటలో వేయించిన శెనక్కాయలు ముందు పెట్టుకుని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"కండ్లు మూసుకో."

మూసుకున్నాను.

"నువ్వు గీసిన ఇంట్లో నిద్ర లేచినావు. ఇంగ?"

"బాత్రూమ్‌కు పోతాను మేడమ్."

"ఇంగా తెల్లవారలేదు. స్విచ్చి యాడుండాది?"

"తలుపు పక్కన."

"గీసినావా?"

"లేదు."

"గీయి. ఇంగ?"

"లోపలికి పోయి స్నానం చేస్తాను."

"టవలు యాడ తగిలిస్తావు?"

"భుజం మీద ఉంటుంది."

"నీళ్ళు పోసుకునేటప్పుడు కూడానా?"

కొక్కీ రాసుకున్నాను. తర్వాత సబ్బు పెట్టే గూడు, అద్దం, బకెట్టు కింద పట్టే కొళాయి, నీళ్ళు పోయే జాలీ. ఒక్కొక్కటి చెప్పినాక ఆమె శెనక్కాయ ఒలిచి నోట్లో వేసుకుని "ఇంగ?" అనేది. గట్టిగా కాదు, కోపంగా కాదు. మా వైపు ఇంగ అనేది మాటమాటకీ దొర్లే మాటే, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆమె నోట్లో మాత్రం అది ప్రశ్న. ఇంకేమీ లేదు అని ఎవరైనా అంటే నమ్మేది కాదు. మధ్యాహ్నం భోజనం వేళకు కూడా నేను ఆ ఇంట్లో బాత్రూమ్ దాటి బయటికి రాలేదు. ఆ సాయంత్రం మా ఇంట్లో బాత్రూమ్‌లో నిలబడి మేకులు, కొక్కీలు లెక్కపెడతా ఉంటే మా ఆవిడ తలుపు కొట్టి, "బాగుండావా?" అని అడిగింది. చాలాసేపు అయినాక మళ్ళీ అడిగింది.

గీయనిది రాదప్పా, అనేది మేడమ్. ఆమె నమ్మకం అంతా ఆ మాటలో ఉంది. సాఫ్ట్‌వేరు చెప్పింది చేసే పిల్ల, చెప్పనిది దానికి తోచదు, దాన్ని తప్పుపట్టి లాభం లేదు అనేది. అందుకని ఆమె అన్నీ గీసేది. క్యాలెండరు మేకు గీసేది. ఉయ్యాల కొక్కీ గీసేది. వాషింగ్ మిషను నీళ్ళు పోయే బెజ్జం గీసేది. గోడ నెర్రెలు ఇవ్వకుండా సిమెంటు పూత లోపల దాగిపోయే తీగ జాలీని కూడా గీసేది. "కనపడదు కదా మేడమ్" అంటే, "నీ గుండెకాయ కూడా కనపడదు" అనేది.

ఇప్పుడు రాయల్పాడు సంగతి చెప్తాను. సభలో చెప్పాల్సింది ఇదే.

రాయల్పాడు దాటినాక మామిడితోటల మధ్య ఒక చిన్న ఊరు ఉంది. అక్కడి ఆడవాళ్ళు పాల సంఘం నడుపుతా ఉన్నారు. వాళ్ళ ప్రెసిడెంటమ్మ, యాభై దాటిన మనిషి, ఇంకొందరిని వెంటబెట్టుకుని ఒకరోజు మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది.

"పొద్దున పిండిన పాలమ్మా" అని మొదలుపెట్టింది. "ఆటో వచ్చి ఎత్తుకుని పోయేసరికి ఎండెక్కుతాది. ఎండాకాలమంతా విరిగినాయని డెయిరీవాళ్ళు వెనక్కి పంపిస్తానే ఉండారు. క్యాన్లు తెచ్చి వంకలో కుమ్మరించి ఇండ్లకు పోతా ఉండాం. పాలు చల్లగా పెట్టే పెద్ద మిషను ఇస్తామన్నారు. దానికి గది చూపించమన్నారు. తాళం పడే గది. చూపించకపోతే పక్క ఊరికి ఇచ్చేస్తారంట."

"ఎప్పటికి చూపించాల?" అడిగింది మేడమ్.

"వానలు దిగేలోపల. ఇంగొకటి ఉండాదమ్మా. మా ఊరికీ రోడ్డుకీ మధ్యలో వంక. అది పారిందంటే బండి రాదు. ఒకటి తక్కువైందని మళ్ళీ పోయి తెచ్చుకునేదానికి కుదరదు. మీరు రాసిచ్చే లిస్టులో ఏం లేకపోయినా మా పని అయిపోయినట్టే."

ఆ మాట వినగానే మేడమ్ ముఖం వెలిగింది. కొందరికి జాతర అంటే ఎట్లనో, ఏదీ తక్కువ కాకూడని లిస్టు అంటే ఆమెకు అట్ల.

ఇద్దరం పోయి చూసి వచ్చినాం. పాత పాల కొట్టం పక్కనే కొత్త గది. ముందు మిషను పోయేంత పెద్ద షట్టరు, వెనక క్యాన్లు కడిగే చోటుకు ఒక తలుపు. పాత కొట్టానికి పచ్చరంగు వేసిన తలుపు ఒకటి బలంగా కనిపించింది. "దాన్నే వెనకపక్క పెట్టుకుంటామమ్మా, కొత్తది ఏల" అన్నారు. మేడమ్ వేలితో తట్టి చూసి సరేననింది. కంప్యూటర్లో ఆ తలుపును గీసి 'ఉన్నది' అని గుర్తు పెట్టింది. అట్ల గుర్తు పెట్టినవాటిని సాఫ్ట్‌వేరు కొనే సామాన్ల లిస్టులో చేర్చదు.

మిగతాదంతా ఆమె ఎంత పట్టుగా గీసిందో చెప్పలేను. ఆ ఆడవాళ్ళను మళ్ళీ పిలిపించుకుని, పాలు వచ్చినప్పటినుంచి క్యాన్లు కడిగి బోర్లించేదాకా చెప్పించుకుంది. ఇంగ, ఇంగ అని అడుగుతా, అడిగినవన్నీ గీసింది. పైరేకులు, వాటి బోల్టులు, బోల్టుల కింద రబ్బరు బిళ్ళలు, కంబీలు కట్టే తీగ, పని అయినాక తీసేసే సెంట్రింగు చెక్కలు కూడా. ఆ లిస్టు తీసే బటన్ నన్ను నొక్కమనింది. నొక్కినాను. ఆ పనిలో నా వంతు అదే.

సామాన్లు ట్రాక్టర్లలో వంక దాటి పోయినాయి. పని మొదలైంది. మేస్త్రి ఏది అడిగినా ఉంది. నాకు ఇంక పట్టపగ్గాలు లేవు. ఒకరోజు టీ తాగే వేళ ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి సాఫ్ట్‌వేరు గురించి ఉపన్యాసం ఇచ్చినాను. "ఒక బటన్. అంతే. ఒక్కటి తప్పిపోదు" అన్నాను. వాళ్ళు ఒకరొకరే లేచి పశువుల దగ్గరికి పోయినారు. చివరికి కొట్టం పక్కన కట్టేసిన ఎనుము ఒకటే మిగిలింది. అది చివరిదాకా విన్నది.

గది లేచింది, రేకులు ఎక్కినాయి, షట్టరు బిగిసింది. మరుసటి రోజు డెయిరీ ఆఫీసరు చూడడానికి వస్తాడు. క్రితం రాత్రే మొదటి వాన కొట్టింది. మేమిద్దరం కారును రోడ్డు పక్కన వదిలి, మోకాళ్ళ లోతు వంక దాటి పోయేసరికి మేస్త్రి పాత కొట్టం తలుపు ఊడదీస్తా ఉన్నాడు. పై మేకు ఊడింది. కింది మేకు ఊడేలోపల తలుపు కింది సగం పొడిపొడిగా రాలి కుప్పబడింది. చెద. లోపలంతా మట్టి. పచ్చరంగు ఒకటే ఇన్నాళ్ళూ తలుపు లాగ నిలబడి ఉండింది.

మేడమ్ ఆ పొడిని గొడుగు కొనతో కదిపి చూసింది. తర్వాత తలెత్తి, అందరికీ వినపడేట్టు చెప్పింది.

"తప్పు నాది. పైన తట్టి చూసినాను. కింద తట్టలేదు."

సాఫ్ట్‌వేరు ఆమె మాట నమ్మింది, ఆమేమో తలుపు పచ్చరంగును నమ్మింది. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు లోపల సంతోషం పొంగుకొచ్చింది. కుక్కను లిస్టులో రాసిన నాటినుంచి నేను ఎదురుచూస్తా ఉన్న రోజు అది. మేడమ్ తప్పు చేసింది, అదీ తలుపు మర్చిపోయింది. ముఖాన్ని వీలైనంత విచారంగా పెట్టుకుని పక్కకు తిరిగి నిలబడినాను.

ప్రెసిడెంటమ్మ మాత్రం ఖాళీ ద్వారబంధం వైపే చూస్తా ఉంది. "పోయిందిలేమ్మా" అనింది మెల్లిగా. "ఎనకపక్క ఓపెనుగా ఉంటే గది అనరు. పక్క ఊరోళ్ళకు రాసి పెట్టుండాదేమో." ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉండుంటే బాగుండు అనిపించింది నాకు. ఆ గొంతు విన్నాక నా సంతోషం ఎక్కడికి పోయిందో తెలియదు.

శ్రీనివాసపురంలో వడ్రంగికి ఫోను చేస్తే వారం పడుతుందన్నాడు. మేడమ్ ద్వారబంధాన్ని టేపుతో కొలిచి, "పోదాం పా" అనింది. కారు కోలారు చేరింది. నేను ఒకసారి "పోనీలే మేడమ్" అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపుకు మళ్ళీ నోరు తెరవలేదు.

సాయంత్రం బజారుకు చేరినాం. ఆమె మెట్లెక్కి ఆఫీసు తలుపు ముందు నిలబడింది. పైన తట్టింది, నడుమ తట్టింది, వంగి కింద తట్టింది. టేపు పెట్టి కొలిచింది.

"స్క్రూడ్రైవరు యాడుండాది?"

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఈలోపల కింద అంగట్లోనించి తమ్ముడు పైకి వచ్చినాడు. "అక్కా, తలుపు పీకేస్తే ఆఫీసు ఎట్ల? దొంగలు పడితే?"

"ఎత్తుకుపోయేదానికి ఏముండాది? కంప్యూటరు ఇంటికి తీసుకుపోతాను. ఇంగ మిగిలేది ఇతనే" అని నన్ను చూపించింది. తమ్ముడు నన్ను ఒకసారి పరీక్షగా చూసి, దొంగలు ముట్టరని నమ్మకం కుదిరినట్టుంది, కిందికి పోయి స్క్రూడ్రైవరు తెచ్చి ఇచ్చినాడు.

పొద్దున్నే ధాన్యం మూటలు వేసే లగేజి ఆటోలో తలుపు పడుకోబెట్టి బయల్దేరినాం. వంక ఇంకొంచెం ఎక్కువ పారతా ఉంది. అవతలి గట్టు మీద ఆడవాళ్ళు కాచుకుని ఉన్నారు. నలుగురు చీరలు ఎగ్గట్టి దిగి వచ్చి, తలకు చుట్టగుడ్డలు పెట్టుకుని తలుపును ఎత్తుకున్నారు. ముందు మేడమ్, బూట్లు మెడలో వేలాడదీసుకుని, గొడుగుతో నీళ్ళలో పొడిచి లోతు చూస్తా పోతా ఉంది. వెనక తలుపు. అన్నిటికంటే వెనక నేను. నా చేతికి కీళ్ళు, స్క్రూలు ఉన్న కవరు ఒకటి ఇచ్చినారు. అంతకంటే బరువైనది నాకు ఇవ్వకూడదని అప్పటికి అందరికీ తెలిసినట్టుంది.

సగం దూరంలో కాలు జారింది. గొంతు దాకా నీళ్ళలో కూర్చుండిపోయినాను. కవరును మాత్రం చెయ్యి పైకెత్తి పట్టుకున్నాను. నా కేక విని మేడమ్ వెనక్కి తిరిగింది. ముందు కవరును చూసింది. తర్వాత నన్ను చూసింది.

"తడవలేదు కదా?"

"లేదు మేడమ్."

"సరే, రా."

తలుపు కింద నలుగురు ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేక ఊగినారు. తలుపు కూడా ఊగింది. పడేస్తారేమో అని నేను నీళ్ళలోనించే అరిచినాను. ఆ వాన చలిలో, ఆ దిగులులో, ఆ ఊరి ఆడవాళ్ళు నవ్వగా చూసింది అదే మొదలు. నా ఉపన్యాసం చేయలేని పని నా పతనం చేసింది.

తలుపు ద్వారబంధంలో కూర్చుంది. ఒక పక్క కొంచెం గీకాల్సి వచ్చింది. గడియ పడింది, తాళం పడింది. ఆఫీసరు వచ్చేసరికి నేను తడిబట్టల మీద ప్రెసిడెంటమ్మ ఇచ్చిన కంబళి కప్పుకుని బ్లాకుల మీద కూర్చుని ఉన్నాను. ఆయన ముందు షట్టరు చూసినాడు, రేకులు చూసినాడు, వెనకపక్కకు పోయినాడు. ఎంతసేపటికీ తిరిగి రాలేదు. పోయి చూస్తే, తలుపు ఎదురుగా నా లాగే ఒక బ్లాకు మీద కూర్చుని ఉన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. మా ఆఫీసు తలుపు మీద కన్నడంలో పెయింటుతో రాసి ఉంది: 'ముందుగా చెప్పకుండా వచ్చినవారు దయచేసి బయట కూర్చోండి.'

"ఎవరైనా లోపల ఉండారా?" అడిగినాడు పాపం.

"యారూ లేరు సార్, మీరే రండి" అని ప్రెసిడెంటమ్మ కన్నడం, తెలుగు కలిపి చెప్పి తలుపు తీసింది. ఆయన లోపలికి పోతా చెప్పులు కూడా బయటే వదిలినాడు. నెల తిరక్కముందే మిషను వచ్చింది. ఇప్పుడు ఆ ఊరి పాలు విరగడం లేదు. వెనక తలుపు మీద ఆ రాత ఇప్పటికీ ఉందని, దాన్ని చెరపనివ్వలేదని విన్నాను.

ఆ వానాకాలం అంతా మా ఆఫీసుకు తలుపు లేదు. గోనెసంచులు కుట్టి పరదా కట్టినాం. మిరపకాయల ఘాటు దర్జాగా లోపలికి వచ్చి పోయేది. నాకు మాత్రం ఒక ఓదార్పు ఉండింది. మేడమ్ తలుపు మర్చిపోయిన కథ నా దగ్గర ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు చెప్పుకోవచ్చు అనుకున్నాను. ఒక కొత్త మనిషి ఇల్లు కట్టించుకుంటానని వచ్చినాడు. మేడమ్ బయటికి పోయి ఉంది. టీ తెప్పించి, కుర్చీ దగ్గరికి జరుపుకుని మొదలుపెట్టినాను. ఆయన మధ్యలోనే, "ఆ, ఆయమ్మే చెప్పింది ఫోన్లో. తలుపు మర్చిపోయిన ఇంజనీరును నేనే, ఆలోచించుకుని రండి అనింది" అన్నాడు. తర్వాత తెలిసింది, వచ్చినవాళ్ళందరికీ ముందే చెప్తా ఉందని. నాకంటే బాగా చెప్పేది కూడా. అందులో నేను వంకలో పడిన భాగం ఒక్కటే కొంచెం ఎక్కువ పొడుగ్గా ఉండేది.

ఇంకొక అలవాటు ఉండింది ఆమెకు. ఇల్లు పూర్తయి పాలు పొంగించే రోజు పిలిస్తే పోయేది కాదు. ఆ ఇంట్లో మనుషులు ఒక ఏడాది ఉన్నాక, పిలవకుండా పోయేది. చాంపియన్ రీఫ్స్‌లో ఒక ఇంటికి నన్ను కూడా తీసుకుపోయింది. మేము వంటింట్లో ఫ్రిజ్జుకని చోటు వదిలి, ప్లగ్గు పెట్టి ఉన్నాం. అక్కడ వాళ్ళు కుట్టుమిషను పెట్టుకున్నారు. వెలుతురు బాగా వస్తుందంట. ఫ్రిజ్జు హాల్లోకి వచ్చింది. మేము పుస్తకాలకని కట్టిన గూట్లో కోడిపెట్ట పొదిగి ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. మేడమ్ మాత్రం ఆ ఇంటామె ఇచ్చిన కాఫీ తాగుతా, కోడిపెట్టను చాలాసేపు చూసింది. ఆఫీసుకు వచ్చినాక ఫైలు తెరిచి, ఫ్రిజ్జు తీసి హాల్లో పెట్టి, వంటింట్లో కుట్టుమిషను గీసింది.

"పని అయిపోయింది కదా మేడమ్, ఇంక ఎవరికి?" అన్నాను.

"మనం గీసింది మన ఇష్టం, వాళ్ళు ఉండేది వాళ్ళ ఇష్టం" అనింది. "ఫైలు అబద్ధం చెప్పకూడదు."

కోడిపెట్ట బొమ్మ సాఫ్ట్‌వేరులో దొరకలేదు. నన్నే గీయమనింది. ఆమె నాకు పూర్తిగా నమ్మి అప్పగించిన మొదటి పని అదేనేమో. రెండు రోజులు పట్టింది. బాతు లాగ వచ్చింది.

పోయినేడు ఆమెకు గుండె జబ్బు ముదిరింది. మెట్లెక్కకూడదన్నారు. తమ్ముడు అంగట్లో వీధివైపు మూటలు పేర్చే జాగా ఖాళీ చేసి గది చేయిస్తానన్నాడు. ఆమె తనే గీసుకుంది, మంచం, కిటికీ, అన్నీ. పని నాకు అప్పగించింది. కిటికీ మరీ కిందికి ఉందనిపించి ఒకసారి అడిగినాను. మంచం మీద కూర్చుంటే బజారంతా కనపడాలంది. పోయే వచ్చేవాళ్ళను పలకరించకుండా ఆమె ఉండలేదు. ఆమె గీసిన ఎత్తులోనే పెట్టించినాను.

గది తయారయ్యేసరికి ఆమె కూర్చోలేని స్థితికి వచ్చింది. చివరిసారి నేను పోయిన రోజు మధ్యాహ్నం. బజారు సందడిగా ఉంది, మాటలు వినపడతా ఉన్నాయి, పడుకున్న మనిషికి మాత్రం మనుషులు ఎవరూ కనపడరు. కిటికీ పని అంతా వృథా అయిందని నాకు బాధగా ఉంది. ఎత్తు గురించి ఏదో అనబోయినాను.

"ఇట్ల వచ్చి ఇక్కడ తల పెట్టి చూడు" అనింది.

మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆమె దిండు పక్కన తల ఆనించి చూసినాను. ఎదురు అంగడి పైకప్పుకు మీదుగా ఆకాశం కనిపించింది. ధాన్యానికి వచ్చే పావురాలు లేస్తా, వాలతా ఉన్నాయి.

"కూర్చుంటే వీధి కనపడాలని గీసినాను" అనింది. "పడుకుంటే ఇది కనపడుతుందని అనుకోలేదప్పా. బాగుండాది."

ఇద్దరం కాసేపు చూసినాం. కరెంటు తీగ ఒకటి ఆకాశానికి సరిగ్గా నడుమన అడ్డంగా ఉంది. అడ్డమా మేడమ్ అని అడిగితే, కొంచెం, అనింది. నేను లేచి మంచాన్ని తలవైపు కొద్దిగా జరిపినాను. చూడమన్నాను. ఇంకొద్దిగా జరిపినాను. తీగ కిటికీ అంచు వెనక్కి పోయింది. ఆమె కండ్లు పావురాల వెంట తిరగడం మొదలుపెట్టినాయి. నేను అంగట్లోనించి గట్టి అట్టముక్కలు తెచ్చి, మంచం కోళ్ళ కింద పెట్టి, కదలడం లేదని చూసుకుని, చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చినాను.